ఒకే ఇంటి గాలి, మూడు రకాల నష్టం: కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావంపై ఒక కేస్ స్టడీ

ఒకే ఇంట్లో, ఒకే రాత్రి కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన ముగ్గురి కేసు ఇది. వారిలో ఒకరికి మెదడు, మరొకరికి గుండె దెబ్బతిన్నాయి. ఇంకొకరు గర్భవతి. ఆమె కంటే ఆమె కడుపులోని బిడ్డకే ఎక్కువ ముప్పు ఏర్పడింది. ముగ్గురి రక్తంలోనూ ఆ వాయువు ఎంత శాతం హిమోగ్లోబిన్‌ను ఆక్రమించిందో కొలిచాం. ఆ అంకెల వరుసకూ, వారికి జరిగిన నష్టం వరుసకూ పొంతన లేదు. ఈ కేసును వివరంగా రాయడానికి ప్రధాన కారణం అదే. రోగుల అనుమతితోనే రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించాను.

ఆ రాత్రి కరెంటు పోవడంతో ఇంటి కింద ఉన్న సెల్లార్‌లో పెట్రోలు జనరేటర్ నడిపారు. వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టర్‌ను దాదాపు నేల దాకా దించారు, పై అంతస్తులో కిటికీలన్నీ మూసి పడుకున్నారు. జనరేటర్ వదిలిన వాయువు మెట్ల దారిన పైకి చేరింది. కార్బన్ మోనాక్సైడ్ గాలి కంటే రవ్వంత తేలిక. అందువల్ల నేలను అంటిపెట్టుకుని ఉండదు, పైకప్పు కిందకు చేరి అక్కడే ఆగిపోదు, గది గాలి అంతటా కలిసిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లూ గొంతూ మండవు. క్లోరిన్, అమ్మోనియా వంటి వాయువులైతే దగ్గు తెప్పించి మనిషిని అక్కడి నుంచి తరిమేస్తాయి. ఈ వాయువు మాత్రం నిద్రపోయేవాడిని నిద్రలోనే ఉండనిస్తుంది. జనరేటర్ పొగలో మనకు తెలిసే ఘాటు ఇంధనపు ఆవిరులది, సగం కాలిన ఇతర పదార్థాలది. ఆ ఘాటు పైగదికి చేరేసరికి పలచబడిపోవచ్చు, కానీ కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదకర స్థాయిలోనే ఉండవచ్చు.

మొదటి రోగి 41 ఏళ్ల పురుషుడు. అంతకుముందు ఏ జబ్బూ లేదు. రాత్రి జనరేటర్‌లో ఇంధనం నింపడానికి సెల్లార్‌లోకి దిగి వచ్చాడు, ఆ తర్వాత మెట్లకు ఆనుకుని ఉన్న గదిలో పడుకున్నాడు. తెల్లవారుజామున భార్య ఎంత లేపినా లేవలేదు. రెండో రోగి ఆ భార్యే. 29 ఏళ్లు, 28 వారాల గర్భిణి. ఆమెకు తలనొప్పి, రెండు వాంతులు. మిగతా అంతా బాగానే ఉందన్నారు. మూడో రోగి ఆమె తండ్రి. 66 ఏళ్లు, చాలాకాలంగా మధుమేహం ఉంది. చివరి గదిలో పడుకున్న ఆయనకు కాస్త నీరసం తప్ప ఏమీ లేదని, తనను వదిలేసి అల్లుడి సంగతి చూడమని మాతో అన్నారు. భార్యకు వాంతులైన మాట విని, ఇంట్లోవారు ముందుగా ఆహారం వికటించిందేమోనని అనుకున్నారట. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, ఒళ్లు తూలడం వంటి లక్షణాలు ఏ వైరల్ జ్వరంలోనైనా, ఏ అజీర్తిలోనైనా కనిపించేవే. అయితే ఒకే పైకప్పు కింద పడుకున్న వారందరికీ జ్వరం లేకుండా ఒకేసారి తలనొప్పి వస్తే, ఇంట్లో ఏం మండిందని అడగడం వైద్యుడు మరచిపోకూడని ప్రశ్న.

అంబులెన్స్ సిబ్బంది ఆ ప్రశ్న అడిగారు. మొదటి రోగికి దారి పొడవునా ఆక్సిజన్ మాస్క్ పెట్టి తీసుకువచ్చారు. మిగిలిన ఇద్దరూ వెనకాలే కారులో, మాస్క్ లేకుండా వచ్చారు. ఈ తేడా తర్వాత అంకెలను చదివేటప్పుడు ముఖ్యమవుతుంది.

మొదటి రోగి మా వద్దకు చేరేసరికి గురకతో బరువుగా శ్వాస తీస్తున్నాడు. గట్టిగా గిల్లితే కళ్లు సగం తెరిచి మూలిగేవాడు. స్పృహను 3 నుంచి 15 వరకు అంకెలతో కొలిచే గ్లాస్గో కోమా స్కేలుపై స్కోరు 8. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ మాత్రం 99 చూపిస్తోంది. భార్య వేలిపై 98, మామగారి వేలిపై 97. ఆ పరికరం చెడిపోలేదు. దాని నిర్మాణమే అంత. అది సుమారు 660, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న రెండు కాంతులను వేలి గుండా పంపి, ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ ఎంత, మోయనిది ఎంత అని లెక్కగడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ 660 దగ్గర ఇంచుమించు ఆక్సిజన్ పట్టినదానిలాగే కాంతిని పీల్చుకుంటుంది. రెండు కాంతులతో మూడు రకాల హిమోగ్లోబిన్‌ను వేరు చేయడం సాధ్యం కాదు కనుక, పరికరం రెండింటినీ ఒకే ఖాతాలో వేస్తుంది. ఊపిరాడని రోగిని చూసి, 99 అంకెను చూసి, ఒంటికి ఆక్సిజన్ సరిగానే అందుతోందని తేల్చేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

ధమని రక్తంలోని వాయువులను కొలిచే ఏబీజీ పరీక్ష కూడా ఒక మెట్టు వరకు ఇలాగే మభ్యపెడుతుంది. అందులో కనిపించే ఆక్సిజన్ పీడనం రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్‌ది. ఊపిరితిత్తులు సక్రమంగా ఉన్నాయి కాబట్టి అది మామూలుగానో, మాస్క్ పెట్టి ఉంటే చాలా ఎక్కువగానో వస్తుంది. కొన్ని యంత్రాలు ఆ పీడనం నుంచి సూత్రం కట్టి సంతృప్త శాతాన్ని ముద్రిస్తాయి. అది కొలిచిన అంకె కాదు, ఊహించిన అంకె. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, అంటే కార్బాక్సీ హిమోగ్లోబిన్, ఎంతో తేల్చాలంటే ఎన్నో తరంగదైర్ఘ్యాలతో కొలిచే కో-ఆక్సీమీటర్ కావాలి. దానికి ధమని రక్తమే అక్కర్లేదు, సిర రక్తం చాలు. మొదటి రోగి మోచేతి సిర నుంచి తీసిన రక్తం సిరంజిలోకి ఎర్రగా మెరుస్తూ రావడంతో, సూది పొరపాటున ధమనిలోకి వెళ్లిందేమోనని నర్సు ఆగి, నాడి చూసి, మళ్లీ నిర్ధారించుకున్నారు. పాఠ్యపుస్తకాలు చెప్పే చెర్రీ ఎరుపు చర్మం బతికి ఉన్న రోగిలో అరుదు, ఎక్కువగా మరణానంతరమే కనిపిస్తుంది. ఈ ముగ్గురిలో ఎవరిలోనూ కనిపించలేదు. సిరంజిలోని ఆ ఎరుపు మాత్రం చూడాల్సిన గుర్తు.

కో-ఆక్సీమీటర్ ఫలితాలు: భార్యకు 22 శాతం, భర్తకు 19 శాతం, తండ్రికి 13 శాతం. పొగతాగని వారిలో ఇది సాధారణంగా 3 శాతం లోపు ఉంటుంది. ఎర్రకణాల్లోని హీమ్ విచ్ఛిన్నమయ్యే క్రమంలో మన శరీరమే కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్‌ను తయారు చేసుకుంటుంది కాబట్టి ఎవరిలోనూ సున్నా ఉండదు. బాగా పొగతాగేవారిలో 10 శాతం దాకా వెళ్లవచ్చు. ఈ ముగ్గురిలో ఎవరికీ ఆ అలవాటు లేదు.

తలనొప్పితో కూర్చుని మాట్లాడుతున్న భార్యకు 22, కోమాలో ఉన్న భర్తకు 19 ఎలా వచ్చాయన్నది మొదటి ప్రశ్న. ఇందులో కొంత భాగానికి జవాబు గడియారం చెబుతుంది. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని కార్బాక్సీ హిమోగ్లోబిన్ సగానికి తగ్గడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది. నూరు శాతం ఆక్సిజన్ పీలిస్తే సుమారు 75 నిమిషాలు చాలు. అతనికి మాస్క్ పెట్టినప్పటి నుంచి రక్తం తీసే వరకు గంటన్నర గడిచింది. ఆ లెక్కన వెనక్కి వెళ్తే, ఇంట్లోంచి బయటికి తెచ్చేసరికి అతని రక్తంలో 40 శాతం ఉండి ఉండాలి. అంబులెన్స్ మాస్క్‌లో ఆక్సిజన్ ఎప్పుడూ పూర్తి నూరు శాతం అందదు కాబట్టి 40కి కాస్త అటూ ఇటూ అని చెప్పడమే న్యాయం. మాస్క్ లేకుండా వచ్చిన భార్య రక్తంలో వాయువు నిదానంగానే తగ్గింది. పైగా గర్భధారణలో నిమిషానికి పీల్చే గాలి పరిమాణం పెరుగుతుంది. అదే గదిలో ఉన్న ఇతరుల కంటే ఆమె ఎక్కువే లోపలికి తీసుకుని ఉంటుంది. వేళ రాయని కార్బాక్సీ హిమోగ్లోబిన్ నివేదిక వల్ల ఉపయోగం సగమే. ఆక్సిజన్ ఎప్పుడు మొదలైంది, నమూనా ఎప్పుడు తీశారు అనే రెండు వేళలు పక్కన లేకపోతే 19 అనేది ఏమీ చెప్పదు.

మిగతా భాగానికి జవాబు వాయువు శరీరంలో చేసే పనిలో ఉంది.

హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌పై 200 నుంచి 250 రెట్లు ఎక్కువ ఆకర్షణ ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అందులో 210వ వంతు, అంటే కేవలం 0.1 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గాలిని తగినంతసేపు పీలిస్తే రక్తంలో రెండూ దాదాపు చెరి సగం పంచుకుంటాయి. ఈ బంధాన్ని ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1857లో వివరించాడు. బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ 1895లో ఈ వాయువును తానే పీల్చి, తన రక్తాన్ని తానే కొలిచి, లక్షణాలను రాసి పెట్టాడు. గని కార్మికులు చిన్న పక్షులను వెంట తీసుకెళ్లాలన్న సలహా ఆయనదే. పక్షి శరీరంలో జీవక్రియ వేగం ఎక్కువ. మనిషి కంటే ముందే అది కూలిపోతుంది. బ్రిటన్ గనుల్లో ఆ కేనరీ పక్షుల వాడకం 1986 దాకా సాగింది.

హిమోగ్లోబిన్‌లో సగం పోతే ఏమవుతుందన్న ప్రశ్నను రక్తహీనత ఉన్నవారితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. హిమోగ్లోబిన్ నెమ్మదిగా సగానికి పడిపోయిన వ్యక్తి ఆయాసపడుతూనే అయినా నడుస్తాడు, మాట్లాడతాడు, పనికి కూడా వెళ్తాడు. సగం హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమించిన వ్యక్తి మాత్రం స్పృహలో ఉండడు. మోసే సామర్థ్యం ఇద్దరిలోనూ సమానంగానే తగ్గింది కదా అనిపించవచ్చు. హిమోగ్లోబిన్ అణువులో నాలుగు స్థానాలుంటాయి. వాటిలో ఒకటి రెండింటిని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుంటే, మిగిలిన స్థానాల్లోని ఆక్సిజన్‌ను ఆ అణువు పిడికిలి బిగించినట్టు పట్టుకుని కణజాలానికి వదలదు. రక్తహీనతలో మిగిలిన హిమోగ్లోబిన్ తన వంతు సరుకును పూర్తిగా దించగలదు. ఇక్కడ మిగిలిన హిమోగ్లోబిన్ సరుకుతో వచ్చి, సరుకుతోనే తిరిగి వెళ్తుంది. సిర రక్తం ఎర్రగా రావడానికి ఇదీ ఒక కారణం.

అయితే కథ రక్తం దగ్గరే ఆగితే, రక్తంలోని శాతంతోనే తీవ్రతను చెప్పగలిగేవాళ్లం. 1970ల్లో కుక్కలపై జరిగిన ఒక ప్రయోగం దీనికి అడ్డుపడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన కుక్కలు చనిపోయాయి. మరికొన్ని కుక్కల రక్తం కొంత తీసి, దాని బదులు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన ఎర్రకణాలను ఎక్కించారు; వాటి రక్తంలోనూ కార్బాక్సీ హిమోగ్లోబిన్ 60 శాతం ప్రాంతానికి చేరింది, కానీ అవి బతికాయి. పీల్చినప్పుడు వాయువులో కొంత భాగం ప్లాస్మాలో కరిగి, రక్తం దాటి కణాల్లోకి వెళ్తుంది. అక్కడ గుండె కండరంలోని, ఒంటి కండరాల్లోని, ఆక్సిజన్‌ను నిల్వ ఉంచే మయోగ్లోబిన్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను చివరిగా వాడుకునే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌నూ అడ్డగిస్తుంది. అంటే సరుకు అందక కొంత, అందిన సరుకును వాడుకోలేక కొంత, కణం రెండు విధాలా నష్టపోతుంది. మొదటి రోగి రక్తంలో, ఆక్సిజన్ చాలని కణాల్లో పోగయ్యే లాక్టేట్ లీటరుకు 6.2 మిల్లీమోల్స్, పీహెచ్ 7.24 రావడం ఈ స్థితికి అద్దం పట్టింది. నిప్పు ప్రమాదం కాదు కాబట్టి, కాలే సామాన్ల పొగలో ఉండే సయనైడ్ అనుమానాన్ని పక్కన పెట్టాం. ఇల్లు కాలి పొగ పీల్చిన రోగిలో లాక్టేట్ బాగా పెరిగితే మాత్రం ఆ అనుమానంతోనే చికిత్స మొదలుపెట్టాలి.

ఒక గంట పాటు ఎక్కువ గాఢతలో పీల్చడం, రాత్రంతా తక్కువ గాఢతలో పీల్చడం రక్తంలో ఒకే అంకె చూపించవచ్చు. కణాల్లోకి చేరిన మోతాదు మాత్రం ఒకటి కాదు. అందుకే ఎంతసేపు పీల్చారు, స్పృహ తప్పిందా, ఎంతసేపు తప్పింది అన్న వివరాలకు నేను శాతం కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

తండ్రి సంగతి చూద్దాం. ముగ్గురిలో తక్కువ అంకె ఆయనదే, తక్కువ ఫిర్యాదులూ ఆయనవే. ఛాతీ నొప్పి లేదు. ఇలాంటి రోగులందరికీ ఈసీజీ తీయడం మా పద్ధతి కాబట్టి తీశాం. అందులో గుండె ఎడమవైపు లీడ్లలో ఎస్‌టీ భాగం దిగి ఉంది, అంటే గుండె కండరానికి ఆక్సిజన్ చాలడం లేదు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ మొదటి నమూనాలోనే పెరిగి, తర్వాతి నమూనాలో ఇంకా పైకి వెళ్లింది. ఎకోలో ఎడమ జఠరిక పంపింగ్ శక్తి 40 శాతానికి తగ్గింది. దీర్ఘకాల మధుమేహం ఉన్నవారిలో నొప్పి తెలియజేసే నరాలు మొద్దుబారి, గుండెకు దెబ్బ తగిలినా నొప్పి రాకపోవడం అరుదేమీ కాదు.

గుండె కండరం ఈ వాయువుకు ఎందుకంత సులభంగా లొంగుతుందో ఒక వాస్తవం చెబుతుంది. శరీరంలోని చాలా అవయవాలు విశ్రాంతిలో, రక్తం తెచ్చిన ఆక్సిజన్‌లో నాలుగో వంతో మూడో వంతో తీసుకుని మిగిలింది వదిలేస్తాయి. కొరత వస్తే ఆ నిల్వ నుంచి మరింత తీసుకోగలవు. గుండె మాత్రం మామూలు వేళల్లోనే 70 శాతానికి పైగా తీసేసుకుంటుంది. దానికి మిగిలిన ఒకే దారి రక్త ప్రవాహాన్ని పెంచుకోవడం. కరోనరీ ధమనులు ఇరుకుగా ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. కరోనరీ జబ్బు ఉన్న పురుషులపై జరిపి 1989లో ప్రచురించిన అధ్యయనంలో, కార్బాక్సీ హిమోగ్లోబిన్ 2 శాతానికి చేరినా వ్యాయామంలో ఈసీజీ మార్పులు మామూలు కంటే ముందే కనిపించాయి. ఆయన రక్తంలో ఉన్నది 13. 2006లో ప్రచురితమైన మరో అధ్యయనంలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన విషప్రభావానికి గురైన 230 మందిలో 37 శాతం మందికి గుండె కండరం దెబ్బతిన్నట్టు తేలింది. అలా దెబ్బతిన్నవారిలో తర్వాతి ఏళ్లలో 38 శాతం మంది చనిపోగా, గుండె బాగున్నవారిలో 15 శాతం మంది చనిపోయారు. రక్తం నుంచి వాయువు వెళ్లిపోయిందని గుండె రోగిని ఇంటికి పంపకూడదు.

భార్య విషయంలో మా కంగారు అంతా బిడ్డ గురించే. తల్లి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను బిగపట్టుకుంటే మాయ దగ్గర బిడ్డకు వదిలేది తగ్గుతుంది. బిడ్డ సహజంగానే తక్కువ ఆక్సిజన్ పీడనంలో బతుకుతుంది కాబట్టి ఆ కొంచెం తగ్గుదలే పెద్దది. దీనికి తోడు వాయువు మాయను దాటి బిడ్డ రక్తంలోకి నిదానంగా చేరుతుంది, చేరాక తల్లి కంటే ఎక్కువ శాతానికి ఎక్కుతుంది, దిగేటప్పుడు తల్లి కంటే ఆలస్యంగా దిగుతుంది. తల్లి రక్త నివేదిక మామూలుకు వచ్చిన తర్వాత కూడా బిడ్డ రక్తంలో విషం మిగిలి ఉండవచ్చు. బిడ్డ రక్తాన్ని నేరుగా కొలవలేం; గుండె చప్పుడు గీతే ఆధారం. ఆమె ప్రశాంతంగా కూర్చుని, తాను బాగానే ఉన్నానని, భర్త దగ్గరకు వెళ్తానని అంటున్న సమయంలో ఆ గీత నిమిషానికి 165 దగ్గర, మామూలుగా ఉండాల్సిన చిన్న చిన్న హెచ్చుతగ్గులు లేకుండా, చదునుగా సాగుతోంది. మాస్క్ తీయవద్దని ఆమెను ఒప్పించడానికి ఆ కాగితమే చూపించాల్సి వచ్చింది.

చికిత్సలో మొదటి మందు ఆక్సిజన్, అదీ బిగుతైన మాస్క్‌తో, వెంటనే, రక్త నివేదిక కోసం ఆగకుండా. మొదటి రోగికి గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ ద్వారా నూరు శాతం ఇచ్చాం. తల సీటీ స్కాన్ మామూలుగా ఉంది. ఆ తర్వాతి నిర్ణయం అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చాంబర్ గురించి. వాతావరణ పీడనానికి మూడు రెట్ల పీడనంలో ఆక్సిజన్ ఇస్తే కార్బాక్సీ హిమోగ్లోబిన్ సగానికి తగ్గడానికి అరగంట లోపే సరిపోతుంది. అంతకంటే ముఖ్యంగా ప్లాస్మాలోనే ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 6 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కరుగుతుంది. మామూలు గాలిలో అది 0.3 మాత్రమే. విశ్రాంతిలో ఉన్న శరీరం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తం నుంచి వాడుకునేది సుమారు 5 మిల్లీలీటర్లు కాబట్టి, హిమోగ్లోబిన్ సాయం లేకుండానే కాసేపు కణాలను బతికించవచ్చన్నమాట.

సూత్రం ఇంత చక్కగా ఉన్నా ఆధారాలు అంత చక్కగా లేవు. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో, 24 గంటల్లోపు మూడు విడతల హైపర్‌బారిక్ ఆక్సిజన్ పొందినవారిలో ఆరు వారాలకు జ్ఞాపకశక్తి, ఆలోచన లోపాలు 25 శాతం మందిలో కనిపించగా, మామూలు ఆక్సిజన్ పొందినవారిలో 46 శాతం మందిలో కనిపించాయి. అంతకుముందు 1999లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పరీక్ష మాత్రం ప్రయోజనం చూపలేదు. చాంబర్‌లో చెవి కర్ణభేరి దెబ్బతినవచ్చు, అధిక ఆక్సిజన్ వల్ల మూర్ఛ రావచ్చు, తలుపు మూశాక రోగిని చేరుకోవడం కష్టం. నా అభిప్రాయంలో స్పృహ తప్పినవారికీ, కార్బాక్సీ హిమోగ్లోబిన్ 15 శాతం దాటిన లేదా బిడ్డ గుండె గీత మారిన గర్భిణికీ చాంబర్ అవకాశం ఇవ్వడం సబబు. భార్యాభర్తలిద్దరినీ చాంబర్ ఉన్న కేంద్రానికి పంపాం. తండ్రికి గుండె లయ మధ్యమధ్యలో తప్పుతుండటంతో, మూసిన చాంబర్‌లో అది ఆగితే చేయగలిగింది తక్కువ అని, గుండె వైద్యులతో మాట్లాడి ఆయనను మా వద్దే మామూలు ఆక్సిజన్‌పై ఉంచాం. మూడు గంటలు గడిచేసరికి ఆయన అంకె 3 లోపుకు వచ్చింది.

బిడ్డ గుండె గీతలో హెచ్చుతగ్గులు మొదటి విడత తర్వాత తిరిగి కనిపించాయి. తల్లి రక్తం శుభ్రపడ్డాక కూడా ఆమెకు చాలాసేపు ఆక్సిజన్ కొనసాగించారు. 38వ వారంలో ప్రసవం జరిగింది. బిడ్డ బరువు, తల చుట్టుకొలత మామూలుగా ఉన్నాయి. నరాల ఎదుగుదలను పిల్లల వైద్యులు క్రమం తప్పకుండా గమనిస్తున్నారు. తండ్రికి గుండె పంపింగ్ శక్తి కొద్ది వారాల్లో 55 శాతానికి చేరింది. యాంజియోగ్రామ్‌లో పాత ఇరుకు ఒకటి బయటపడింది. ఆ రాత్రి వాయువు పీల్చకపోయి ఉంటే దాని ఉనికి మరికొంతకాలం తెలిసేది కాదేమో.

మొదటి రోగి ఆ రోజు సాయంత్రానికి కళ్లు తెరిచాడు, మర్నాడు గొట్టం తీశారు. మూడు విడతల చాంబర్ చికిత్స పూర్తయింది. ఇంటికి పంపేనాటికి పేరు, తేదీ, లెక్కలు అన్నీ సరిగ్గా చెప్పాడు. అయినా డిశ్చార్జ్ కాగితంపై, కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడకలో మార్పు, మూత్రం ఆపుకోలేకపోవడం, స్వభావంలో తేడా కనిపిస్తే వెంటనే రావాలని విడిగా రాసి, కుటుంబానికి చదివి వినిపించాం. ఈ విషప్రభావంలో బాగుపడ్డాక మళ్లీ దిగజారే దశ ఒకటుంది. ఆ మధ్యకాలం కొద్దిరోజుల నుంచి ఐదారు వారాల దాకా ఉండవచ్చు.

నాలుగో వారంలో భార్య ఆయనను తీసుకువచ్చారు. అడిగినదానికి జవాబిస్తున్నారు గానీ తనంతట తాను ఒక్క మాటా మాట్లాడడం లేదని చెబుతూ, "కోపం కూడా మానేశారండీ" అన్నారు. ఓపీ గదిలోకి ఆయన నడిచి వచ్చిన తీరు చూస్తేనే చాలావరకు తెలిసింది: చిన్న అడుగులు, ఊగని చేతులు, రెప్పవాల్చని ముఖం. పరీక్ష కోసం విప్పిన చొక్కా గుండీలు తిరిగి పెట్టుకుంటూ మొదటి గుండీని రెండో కాజాలో దూర్చారు. కింద ఒక కాజా మిగిలిపోయాక దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు, విప్పి మళ్లీ మొదలుపెట్టాలన్న ఆలోచన రాలేదు. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒకవైపే వేశారు. ఎంఆర్‌ఐలో మెదడులో ద్రవం నిండిన గదుల చుట్టూ ఉన్న తెల్ల పదార్థం (నరాల పోగులుండే భాగం) విస్తారంగా మెరుస్తోంది. మెదడు లోతుల్లో ఉండి కదలికలను నియంత్రించే గ్లోబస్ పాలిడస్‌లో రెండువైపులా మచ్చలున్నాయి. ఇన్‌ఫెక్షన్, థైరాయిడ్, బీ12 లోపం లేవని పరీక్షలతో తేల్చాం.

రక్తంలో వాయువు ఎప్పుడో పోయిన తర్వాత ఈ దెబ్బ ఎలా తగులుతుంది? మనకు తెలిసినంతలో, వాయువు తాకిడికి ప్లేట్‌లెట్లు నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతాయి, తెల్లరక్తకణాలు మెదడు రక్తనాళాల గోడలకు అంటుకుని వాటిని గాయపరుస్తాయి, అక్కడ పుట్టిన ఆక్సీకరణ పదార్థాలు కొవ్వులను, నరాల తొడుగైన మైలిన్‌లోని ప్రోటీన్‌ను మారుస్తాయి. మారిన ఆ ప్రోటీన్‌ను శరీరపు రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. 2004లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో, ఆ ప్రోటీన్‌ను సహించేలా ముందే అలవాటు చేసిన ఎలుకలకు ఈ ఆలస్యపు లోపం రాలేదు. వాయువు మొదలుపెట్టిన పనిని శరీరమే వారాల తరబడి కొనసాగిస్తుందన్న ఈ వివరణ, మధ్యలో వచ్చే ఆ మంచి రోజులకు కూడా అర్థం చెబుతుంది. చాంబర్ చికిత్స పొందినా ఈ రోగికి ఆ దశ తప్పలేదు. ఆ చికిత్స ముప్పును తగ్గించవచ్చు తప్ప తొలగించదని కుటుంబానికి ముందే చెప్పి ఉండటం వల్ల, ఈ దశలో వారి నమ్మకం చెదరలేదు.

ఆలస్యంగా వచ్చే ఈ లోపానికి రుజువైన మందు లేదు. నడక, చేతిపని, మాట, జ్ఞాపకశక్తికి సంబంధించిన పునరావాస చికిత్సే చేశాం. నడక, ముఖం పార్కిన్సన్ జబ్బును పోలి ఉన్నా, ఆ జబ్బుకు వాడే లెవోడోపా ఇందులో సాధారణంగా పనిచేయదు కాబట్టి మొదలుపెట్టలేదు. చాలామందిలో ఏడాదిలోపు మెరుగుదల కనిపిస్తుంది. ఇతనిలో మూడో నెలకు మూత్రంపై అదుపు వచ్చింది, ఆరో నెలకు నడక మామూలైంది. గడియారం బొమ్మ ఇప్పుడు సరిగానే గీస్తున్నాడు. ఒకేసారి రెండు పనులు చెబితే ఒకటి మరచిపోతున్నాడు, కాగితంపై రాసుకుంటే చేయగలుగుతున్నాడు. ఉద్యోగంలో సగం పూటకు చేరాడు. ఇటీవలి ఎంఆర్‌ఐలో తెల్ల పదార్థంలోని మార్పు తగ్గింది, గ్లోబస్ పాలిడస్ మచ్చలు అలాగే ఉన్నాయి. ప్రతిస్పందన వేగాన్ని కొలిచే పరీక్షలో ఇంకా వెనకబడి ఉన్నందున వాహనం నడపడానికి అనుమతి ఇవ్వలేదు. తర్వాతి పరీక్ష మూడు నెలలకు ఉంది.